జీపుల పరిచిన షత్రంజి

ఆ గోడ మీద ఏమన్న సినిమా ఏస్తాన్రా? పొద్దుగాలటి నుంచి అటే మొకం పెట్టి పండుకున్నవ్. చాయ తెస్తె తాగలే. బన్ను తెస్తె ముట్టలే. నర్సమ్మ రెండుసార్లు వచ్చి సూది ఇచ్చిపోయింది, ఆమె దిక్కు గూడ తిరిగి చూడలే. నేను మాట్లాడుడు చెవిటోని ముంగట శంఖం ఊదినట్టున్నది.

సరే, తిరగకు. అటే ఉండు. ఒక లెక్కకు నాకు గూడ గదే నయం. నీ మొకం చూసుకుంట గీ మాట చెప్పుమంటే నాతోని కాదు.

నవత మందుల చిట్టి పట్టుకొని కిందికి పోయింది. అక్కడ లైను మస్తుగున్నది, జల్ది రాదు. అది వచ్చేలోపట చెప్పాలె. కన్నబిడ్డ ముంగట చెప్పుకునే మాట కాదు ఇది.

పెద్ద డాక్టరు ఏమన్నడో ఇన్నవ్ గదా. కుడికాలు వేళ్లు మూడు తియ్యాలె, వాటి ఎంట అరికాలు ముంగటి భాగం గూడ జర తియ్యాలె. నాలుగింటికి లోపటికి తీస్కపోతమన్నడు. ఇయ్యాల తియ్యకపోతే విషం పైకెక్కుతదట. అప్పుడు మోకాలు దాక పోతదట. అది గూడ దాటిందనుకో... ఆ మాట నా నోటితోని అనను.

కాయితం మీద నీ సంతకం కావాలె. నేను పెడ్తనని చెయ్యి సాపిన. మనిషి తెలివితోని ఉన్నడు గదమ్మా, ఆయన ఒప్పుకోవాలె, ఆయన్నే పెట్టుమను అన్నరు.

నువ్వేమో, నొప్పే లేదు, నొప్పి లేని కాలును ఎట్ల కోస్తరు సార్ అని అడిగినవ్. ఏదో పురుగు ముట్టింది, మలాం రాస్తె మానుతది అన్నవ్. ఇది పురుగు ముట్టింది కాదు, కాలిన పుండు, ఎక్కడ కాలిందని ఆయన అడిగితే నవ్వినవ్. 'కాలేటందుకు ఏం లేదు సార్, నా జీపు సల్లగుంటది, మా ఇంటామె కాళ్ల కిందికి నూలు షత్రంజి నేసి పరిచింది' అన్నవ్. ఎంత గొప్పగ చెప్పినవో. ఆ డాక్టరు నా దిక్కు చూసిండు. నాకు గీ మంచం కిందికి దూరిపోవాలె అనిపించింది.

గందుకే చెప్తాన. ఇంటానవా? ఇంటున్నట్టే ఉన్నది. చెవులు మాత్రం నా దిక్కే ఉన్నయ్.

ఆ జీపు మనింటికొచ్చి పదకొండేండ్లాయె. నువ్వు మగ్గం ఇడిచిపెట్టిన ఏడే కొన్నవ్. గుంటల కాళ్లు పెట్టి కూసొని కూసొని నడుము పట్టేసింది, ఇగ నాతోని కాదు, నాలుగు ఊర్లు తిరిగి బతుకుత అన్నవ్. మన కొత్తవాడ వాడకట్టంత నవ్వింది. సాలోని చేతుల స్టీరింగేందని మీ అన్నదమ్ములే నవ్విన్రు. నేను గూడ నవ్విన, ఇప్పుడు దాసుడెందుకు.

గని నవ్వినోళ్ల నోర్లు మూయించినవ్. కరెంటు తీగలేసే సార్లకు, అడవిల కొలతలు పట్టే సార్లకు, అందరికి పండరన్న జీపే కావాలె. కారు పోనికాడికి పోవాలంటే ఇంకెవలున్నరు? వాగుల దించుతవ్, చేన్లకెల్లి తీస్కపోతవ్, రాళ్లగుట్ట ఎక్కిస్తవ్. ఏ సారును నడుమ తొవ్వల దింపి రాలే.

ఆ జీపు ఉడుకు ఒక్కటే మనకు పగోడైంది.

రోడ్డు మీద పోతాంటే గాలి కొడతది, అంత తెల్వదు అనేటోనివి. అడవిల పడ్డంక, మొదటి గేరుల, మనిషి నడిచినంత మెల్లగ పోతాంటే ఇంజను ఉడుకంత లోపటికే తంతది అనేటోనివి. పైన టాపు కాలుతది, కింద సైలెన్సర్ పైపు మీది రేకు కాలుతది, పక్కన గేరు డబ్బా కాలుతది, నడుమ నేను రొట్టె లెక్క కాలుత అని చెప్పుకుంట వచ్చేటోనివి. ఇంటికి రాంగనే అందరు మొకం కడుగుతరు, నువ్వు కాళ్లు కడిగేటోనివి. బకీట్ల నీళ్లు పోసుకొని అండ్ల కాళ్లు పెడితే, నీళ్లు ఎచ్చగయ్యేదాక లేచేటోనివి కాదు. బువ్వ గూడ అట్లనే తిన్న దినాలున్నయ్.

ఎన్ని చేసి చూసినవ్. తడి గోనె సంచి పరిచినవ్, ఆవిరి పట్టి కుడుము ఉడికినట్టు ఉడికిన అని తెల్లారే తీసి పారేసినవ్. టాపు పక్కలకు ఊడబీకినవ్, దుమ్ము కొడతాందని సార్లు తిట్టిన్రు. చిన్న ఫ్యాను తెచ్చి ముంగట బిగించినవ్, అది ఇంజను ఉడుకునే తెచ్చి మొకాన కొట్టింది. పెనం మీదికెల్లి పొయ్యిల పడ్డట్టే అయింది ప్రతిసారి.

ఆఖరుకు ఈ ఎండకాలం మొదట్ల సారయ్య కాడికి పోతిమి. ములుగు రోడ్డు మీద మెకానిక్ సారయ్య. ఆ దినం నేను గూడ నీ ఎంట ఉన్న, నూలు తెచ్చుకుందామని బయలెల్లి. ఆయన జీపు కిందికి దూరి అర్ధగంట ఉన్నడు. బయటికొచ్చి ఏమన్నడు? 'పండరన్నా, ఉడుకును పుట్టినకాడ ఆపాలె, కాలు కాడ కాదు. పైపుకు, కింది రేకుకు నడుమ ఇంకో రేకు ఏస్త. రెండిటి నడుమ సందుండాలె, గాలి ఆడాలె. పైపు అతుకు కాడ సెగ గూడ కారుతాంది, సక్కగ నీ కాలి వేళ్ల కిందనే. అది మార్త. రెండు దినాలు బండి ఇడిచిపెట్టు' అన్నడు.

మంచి మాట చెప్పిండు ఆయన. ఆ రెండు దినాలు నీకెక్కడియి? సార్లు ఆగరు, ఈ పని అయిపోనీ, ఎండకాలం ఎల్లినంక చూద్దామన్నవ్.

నేనన్న ఊకున్ననా? 'రేకు మీద రేకు ఏస్తె ఉడుకు ఆగుతదా సారయ్యన్నా? పొయ్యి మీది గిన్నె దించాలంటే బట్టతోని పడతమా, రేకుతోని పడతమా?' అని అడిగిన. ఆయన నవ్వి చేతులు తుడుసుకున్నడు. నువ్వు నా దిక్కు చూసి, మా ఆమె చెప్పింది గూడ నిజమే గదా అన్నవ్. ఇద్దరం సాలె ఇంట్ల పుట్టినోళ్లం. మనకు ఏదొచ్చినా బట్టనే మందు. చలికి బట్ట, ఎండకు బట్ట, పుండుకు బట్ట. రేకు సంగతి మనకేం తెలుసు?

తెల్లారే పడుగు ఎక్కిచ్చిన. చేతుల ఉన్న పని పక్కకు పెట్టి పన్నెండు దినాలు నేసిన. నాలుగు పోగులు కలిపి పేక ఏసిన. కొట్టి కొట్టి, నిలబెడితే నిలబడేటంత బిర్రుగ నేసిన. పెడళ్లకు సందు కావాలె, కోసి తొర్రలు చేద్దామంటే పోగులూడుతయ్. అందుకని జీపుల కాయితం పరిచి కొలత తీసుకొని, మగ్గం మీదనే సందులు ఇడిచి నేసిన. చిన్నప్పటి నుంచి నేస్తాన, అసొంటి పని ఎన్నడు చెయ్యలే. ఎర్ర పట్టీ, నీలం పట్టీ, చుట్టు అంచు. కాళ్ల కిందికి గింత సోకెందుకే అన్నవ్.

పరిచిన దినం యాదికున్నదా? జీపు ఎక్కబోయి ఆగినవ్. చెప్పులు ఇడిచినవ్. నేను చెప్పలే, నీ అంతట నువ్వే ఇడిచినవ్. మగ్గం దిగిన బట్ట మీద చెప్పుకాలు పెట్టొద్దు, మనకు అన్నం పెట్టేది అది. మీ అవ్వ రాములవ్వ నీకు నేర్పింది, నేను కోడలుగ వచ్చినంక నాకు నేర్పింది. పెండ్లి పందిట్ల పరిచినా ఇడుస్తం, జీపుల పరిచినా ఇడుస్తం. సీటు పక్కకు ఒక సంచి కట్టుకొని చెప్పులు అండ్ల పెట్టుకున్నవ్. ఒక సారు బూట్లతోని ఎక్కితే కిందికి దింపినవట. గుడికొచ్చిన్నా, జీపెక్కిన్నా పండరీ అని ఆయన నవ్విండట. నువ్వే వచ్చి చెప్పినవ్.

నాకెంత గర్వమైందో అప్పుడు. గని చెప్పులుంటె గింత కాలకపోవు గదా. వేలు మందం రబ్బరన్న అడ్డముండు. మర్యాద అనుకుంట ఇద్దరం కలిసి అది గూడ తీసేసినం. ఇంకెవలన్న చేస్తరా గిసొంటి పని? మెకానిక్ చెయ్యడు, డ్రైవర్ చెయ్యడు. మనమే చేస్తం.

ఆ మాపు ఇంటికొచ్చి బకీటు అడగలే. నీళ్లు పెట్టాల్నా అంటే, 'అక్కరలే. సల్లగున్నదే. నీ షత్రంజి మస్తు పనిచేసింది' అన్నవ్.

నీకు అది చిన్న మాట. పెండ్లయి ఇరవై తొమ్మిదేండ్లు. కూర బాగుంటే ఇంకింత పెట్టుమంటవ్, బాగలేకుంటే ఉప్పేదంటవ్. గంతే నీ భాష. నేను నేసింది మంచిగున్నదని ఒక్కనాడనలే. నువ్వు మగ్గం మీద కూసున్న దినాలల్ల గూడ, నా అంచు వంకర పోతే చూపెట్టేటోనివి గని, సక్కగ వస్తె నీ కండ్లకు కనపడకపోయేది.

ఆ బకీటు గోడకు బోర్లేసిన. వాడకట్టంత చెప్పుకున్న. పక్కింటి చిలుకమ్మకైతే మూడుసార్లు చెప్పిన. పాపం, ఆమె మూడుసార్లు కొత్తగనే ఇన్నది.

నీ లెక్కనే ఇంకో జీపు తోలే కృష్ణమోహన్ వచ్చి, అక్కా నాకు గూడ ఒకటి నెయ్యి అన్నడు. నేసిచ్చిన. అయిదో దినం చాప లెక్క చుట్టి తెచ్చి అరుగు మీద పెట్టిండు. ఎప్పటి లెక్కనే కాలుతాందక్కా, ఇంకింత ఎక్కువనే కాలుతాంది అన్నడు. నేనేమన్న? నీకు పరుసుడు రాలే అన్న. నువ్వేమన్నవ్? వానియి పూల పాదాలన్నవ్. వాడు ఎల్లిపోయినంక ఇద్దరం నవ్వుకున్నం. ఒక్కటే ఉడుకు, ఒక్కటే బట్ట. వాని కాలు కాలుతాంది, నీ కాలు కాలుతలేదు. ఎందుకని ఒక్కపారన్న అడుక్కున్నమా మనం?

ఒకనాడు కిరాణం దుకాణానికి పోయి ఒక్క చెప్పుతోని ఇంటికొచ్చినవ్. రెండోది ఏదంటే కాళ్ల దిక్కు చూసుకొని నువ్వే బీరిపోయినవ్. తొవ్వల ఎక్కడ జారిందో నీకు తెల్వలే. మోరీ కాడ దొరికిందని చిలుకమ్మ తెచ్చిచ్చింది. వారం దినాలు ఆ ముచ్చట చెప్పుకొని నవ్వినం. షుగరొచ్చి ఎనిమిదేండ్లాయె. గోలి ఏసుకున్నవా అంటే ఏసుకున్న అంటవ్, చూస్తె డబ్బీ నిండుగుంటది. కాళ్లు మొద్దుబారినయని నువ్వు నాకు చెప్పలేదని నిన్న నవత నిన్ను తిట్టింది. నీకు తెలిస్తె గదా చెప్తవ్. పోయిన చెప్పే తెల్వనోనికి కాలే కాలు తెలుస్తదా?

ఏంది సిస్టరమ్మా? కాయితమా? ఇస్తమమ్మా, మాట్లాడుతాన ఆయనతోని. జర ఆగు. మూడున్నరకన్న ఇస్త. మీరు ఫికర్ చెయ్యకుండ్రి.

చూసినవా, మళ్ల అడిగి పోయింది. ఆ పక్క మంచం ఆయన గూడ మన దిక్కే చూస్తాండు. చూడనీ. ఇంకెవలు చూస్తె ఏంది ఇప్పుడు.

మొన్న అయితారం షత్రంజి దులుపుదామని జీపుల నుంచి తీసిన. యాక్సిలేటరు పక్కన, నీ కాలి వేళ్లు ఆనేకాడ, అరచేతంత నల్లటి మరక. బంకబంకగ. ఇంజను నూనె అనుకున్న. వాసన చూస్తె నూనె గాదు. చిలుకమ్మ గోడ అవతలి నుంచి, రాజక్కా ఎలుక గిట్ల చచ్చిందా మీ ఇంట్ల అన్నది. అప్పుడు ఉరికొచ్చి నీ కాలు పట్టుకున్న. ఇడువే, ఏం లేదే అని గుంజుకున్నవ్. వేళ్ల కింద చూసిన. ఇగ ఏం చూసిన్నో చెప్పను. నొప్పి లేదే, ఎందుకు ఆగమైతానవ్ అన్నవ్. నువ్వు నొప్పి లేదన్నందుకే నాకు బుగులైంది.

ఇక్కడికొచ్చినంక ఆ డాక్టరు నిన్ను కండ్లు మూసుకోమన్నడు. సూదితోని గుచ్చిండు. ఒక్కపారి గాదు, నాలుగుసార్లు. చిన్న నెత్తురు సుక్క గూడ వచ్చింది. నువ్వు కండ్లు అట్లనే మూసుకొని, 'ఎప్పుడు గుచ్చుతరు సార్?' అని అడిగినవ్. నేను కొంగు నోట్ల కుక్కుకొని బయటికి పోయిన.

షుగర్ ఎక్కువేండ్లుంటె కాళ్లకు తెలివి పోతదట. సరే, అది ఒప్పుకున్నవ్. కాళ్లు జర మొద్దుబారి ఉండొచ్చు సార్ అన్నవ్. గని కాలిందంటే మాత్రం ఒప్పుకోవు. షత్రంజి ఉన్నంక ఎట్ల కాలుతది అంటవ్. పురుగే ముట్టింది, మలాంతోనే పోతది అంటవ్. నవత ఎంత బతిలాడింది నిన్ను. నాయినా, అమ్మ షత్రంజి ఎంత మందమున్నా ఆ సెగను ఆపదు నాయినా అన్నది. దాన్నే కసిరినవ్. మీ అమ్మ చేతి పని నీకేం తెలుసన్నవ్.

దానికి తెల్వదు, నిజమే. నాకు తెలుసు. గా సంగతే చెప్తాన ఇప్పుడు.

ఎండకాలం మా సోమక్క మనుమని పుట్టెంటికలు తీసిన్రు గదా, పాలంపేటల. నువ్వు, నేను జీపుల పోయినం. చానా ఏండ్లకు నీ పక్కన ముంగటి సీట్ల కూసున్న. మంచి చీర కట్టుకున్న. నేను గూడ చెప్పులు ఇడిచే ఎక్కిన. చానాదూరం దాక ఏం తెల్వలే, గాలి కొడతనే ఉన్నది. అటెన్క రోడ్డు తవ్విన్రని నువ్వు చెరువు కట్ట కింది మట్టి తొవ్వకు తిప్పినవ్. గుంతలు, రాళ్లు. మెల్లగ పోతానం.

అప్పుడు మొదలైంది. ముందు ఎచ్చగ అనిపించింది. అటెన్క సురుక్కుమన్నది. కాళ్లు పైకి గుంజుకొని సీటు మీద సక్కలముక్కలు పెట్టి కూసున్న. నీ కాలు దిక్కు చూసిన. షత్రంజికి ఆనుకొని అట్లనే ఉన్నది. కదలలే. నువ్వు ఏదో పాట ఊఁ ఊఁ అనుకుంట తోలుతానవ్.

'కాలుతలేదా నీకు?' అని అడిగిన. యాదికున్నదా? 'నీ షత్రంజి ఉన్నంక కాలుడెక్కడిది? మంచుగడ్డ మీద పెట్టినట్టున్నది' అన్నవ్.

పాలంపేటల మగోళ్లంత టెంటు కింద ముచ్చట్లల్ల పడ్డరు. నేను ఒక్కదాన్నే జీపు కాడికి వచ్చిన. ఇంజను బందయి గంట దాటింది. రేకు మీద చెయ్యి పెట్టి చూసిన, సల్లారింది. షత్రంజి మీద పెట్టిన, ఇంకా ఎచ్చగనే ఉన్నది. మడత తీసి అడుగు చూస్తె పోగులు మాడి గోధుమ రంగుకొచ్చినయ్. అప్పుడు సమజైంది. అది ఉడుకును ఆపలే, పట్టుకొని కూసున్నది. ఎచ్చదనం పట్టుకునుడే గదా బట్ట పని. నేనెంత గట్టిగ నేస్తె అంత గట్టిగ పట్టుకున్నది. సారయ్య మాట నిజం, కృష్ణమోహన్ మాట నిజం. మడత మళ్ల ఎట్లుండెనో అట్లనే సదిరి పెట్టిన.

ఇంటికొచ్చిన తెల్లారి నువ్వు అరుగు మీద కాళ్లు చాపి కూసుంటె నీ అరికాలు చూసిన. ఎర్రగ మెరుస్తాంది. అది గూడ చూసిన.

చూసి చెప్పలే. గది జరిగి రెండు నెలలాయె. గా దినమే చెప్తె డాక్టరు మూడు వేళ్ల మాట ఎత్తకపోవు.

ఎందుకు చెప్పలేదంటే... జర నీళ్లు తాగనీ.

ఎందుకంటే, నీకు కాలుతాందని నేను అనుకున్న. కాలుతాంది గని, నా మనసు నొయ్యొద్దని ఓర్సుకుంటానవ్ అనుకున్న. పన్నెండు దినాలు కూసొని నేసింది, కాలుతాందంటే ఏడుస్తదని సల్లగున్నదంటానవ్ అనుకున్న. ఇన్నేండ్లకు పెండ్లాం మీద నీకు గింత ప్రేమ పుట్టిందనుకున్న. మంచుగడ్డ అన్నవ్ గదా, ఆ మాట జీపుల వచ్చేటప్పుడంత లోపట లోపట అనుకుంటనే వచ్చిన. ఓర్సుకోనీ అనుకున్న. నేను ఇరవై తొమ్మిదేండ్లు ఎన్ని ఓర్సుకోలే, నా కోసం ఒక్క ఎండకాలం ఓర్సుకోనీ అనుకున్న.

ఎర్రటి అరికాలు చూసి మురిసిన్నయ్యా నేను. ఇంకే ఆడిదన్న మురుస్తదా? నేను మురిసిన.

చెప్తె ఏమైతుండె? సారయ్య కాడికి పోయి రేకు ఏపిచ్చుకుందువు. షత్రంజి తీసి దండెం మీద పడేద్దువు. ఇగ ఆ మాట నాకెవలంటరు? గా ఒక్క మాటకు ఆశపడ్డ. దానికోసం నీ కాలు పోతాందని తెల్వదు, అది ఒట్టు. గని కాలుతాందని మాత్రం తెలుసు.

గిదే. గిదే నేను చెప్పాలనుకున్నది. పురుగు ముట్టలే నిన్ను. మలాంతోని పోయేది కాదది. నా షత్రంజి మీదనే కాలింది.

ఆ, తిరిగినవా ఇటు. ఏమంటానవ్? జర గట్టిగ అను, ఇనపడతలే.

నిజంగనే సల్లగుండెనా?

నా కోసం అన్నది కాదా? ఒక్కపారి గూడనా? పాలంపేట పోయేటప్పుడు గూడనా? నా మొకం చూసి చెప్పు.

అట్లనా.

అంతే తియ్యి. నేనే ఎర్రిదాన్ని. నీకు అబద్ధం చెప్పుడు ఎన్నడొచ్చు, అండ్ల నా కోసం చెప్పుడా? నీ కాలుకు సెగ తెల్వలే, నీ నోరు ఉన్నదున్నట్టు చెప్పింది. నేను దాన్ని కొంగున ముడేసుకొని వాడకట్టంత తిరిగిన. ఇన్నేండ్లల్ల ఒక్కపారి మెచ్చుకుంటివి, అది గూడ కాలు చచ్చినంక మెచ్చుకుంటివి.

ఏడుస్తలేను. ఉడ్క పోస్తాంది గీ గదిల, గంతే.

జీపు పోతదంటవ్. పోతది. వేళ్లు లేని కాలుతోని ఎవలు తోలనిస్తరు? కృష్ణమోహన్‌కు ఇద్దాం, తోలుకుంటడు. ముందుగాల సారయ్య చెప్పిన రేకు ఏపిచ్చి ఇద్దాం. మళ్ల ఇంకొకని కాళ్ల పాపం నాకొద్దు. నువ్వు ఇంట్ల కూసో. నేను నేస్త, నువ్వు వంకలు పెట్టు. అదన్న నిజం మాట అయితది.

తిట్టాలంటే తిట్టు. నవత ముంగట తిట్టు, వాడకట్టు ముంగట తిట్టు, పడత. గని నాలుగింటి తర్వాత తిట్టు. తిట్టేటందుకన్న నువ్వుండాలె.

ఇగో కాయితం. ఈ గీత మీద. నిమ్మలంగ పెట్టు, నేను అట్ట పట్టుకుంట.

ఏందీ, ఇంకా నొప్పి లేదనే అంటానవా?

ఎర్కే. నీకు లేదు. పెట్టు సంతకం.